మట్టిదారిలో తొక్కేవాడికి తారురోడ్డు ఎందుకు?



ఈ వేళప్పుడు మీరు పాటల కోసం రేడియో పెట్టుకుంటారని తెలుసు. ఇవాళ ఒక పావుగంట పాటలు ఆపి సైకిళ్ళ గురించి మాట్లాడమన్నారు మన నిర్వాహకులు. దానికి కారణం శాన్ హోసేలో ఉంటున్న మన శ్రోత ఒకాయన. ఆరేళ్ళుగా మౌంటెన్ బైకు తొక్కుతున్నారట. "స్నేహితులంతా రోడ్డు బైకు కొను, మాతో రా అంటున్నారండీ. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది. ఎవరి మాట వినమంటారు?" అని అడిగారు.

ఇద్దరి మాటా వినాలి అన్నాను. ఆ మాటని కాస్త విడమరిచి చెప్పడమే ఇవాళ్టి నా పని.

ముందుగా, ఈ గొడవతో పరిచయం లేని శ్రోతల కోసం రెండు ముక్కలు. బైకు అనగానే మోటారు సైకిలు అనుకునేరు. ఇక్కడ బైకంటే తొక్కే సైకిలే. మౌంటెన్ బైకుకి లావుపాటి గళ్ళ టైర్లు, కుదుపుల్ని మింగే షాకులు, వెడల్పాటి హ్యాండిల్ ఉంటాయి. బరువు 13, 14 కిలోలు. కొండల్లో, అడవిలో మట్టిదారుల మీద, అంటే ట్రెయిల్స్ మీద తొక్కడానికి చేసింది. రోడ్డు బైకుకి సన్నటి నున్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్. షాకులుండవు. 8, 9 కిలోలుంటుంది. తారురోడ్డు మీద దూరాలు పోవడానికి చేసింది.

నేను పన్నెండేళ్ళు కేవలం మట్టిదారుల్లోనే తొక్కాను. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నేను కారు వెనకాల సైకిలు కట్టడం చూసి, "అమెరికా వెళ్ళి కారు కొనుక్కున్నావు, ఆ కారు వెనకాల సైకిలు కట్టుకుని అడివికి పోయి తొక్కుతున్నావు. మీ నాన్న రోజూ పదిమైళ్ళు సైకిలు తొక్కి బడికెళ్ళి పాఠాలు చెప్పింది నువ్వు తొక్కకూడదనేరా" అంది. ఆవిడ నవ్వుతూనే అన్నా, ఆ మాటలో ఒక లెక్క ఉంది. ఆ లెక్క దగ్గరికి మళ్ళీ వస్తాను.

మట్టిదారివాళ్ళకీ తారురోడ్డువాళ్ళకీ పడదని ఒక ప్రచారం ఉంది. వీళ్ళు వాళ్ళ బిగుతు బట్టల్ని చూసి నవ్వుతారు, వాళ్ళు వీళ్ళ బురద చూసి ముక్కు మూసుకుంటారు. కానీ చరిత్ర చూస్తే ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. మౌంటెన్ బైకింగ్ పుట్టిన చోటు మనకి గంటన్నర దూరంలోనే ఉంది. గోల్డెన్ గేట్ వంతెనకి అవతల మరిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్క కొండమీద, 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళతో మట్టిదారిలో కిందికి పందెం వేసుకున్నారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులు అవి. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజంతా మాడి ఆవిరైపోయేది, మళ్ళీ కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు వచ్చింది. ఆ గుంపులో గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ ఉన్నారు. 1977లో జో బ్రీజ్ ప్రత్యేకంగా కొండ కోసమే ఒక ఫ్రేము తయారుచేశాడు. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఫిషర్, బ్రీజ్ ఇద్దరూ అప్పటికే రోడ్డు రేసుల్లో తొక్కేవాళ్ళు. అంటే మట్టిదారిని కనిపెట్టినవాళ్ళు తారురోడ్డు నుంచే వెళ్ళారు.

అటునుంచి ఇటు వచ్చినవాళ్ళూ తక్కువేం కాదు. 2011లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఆస్ట్రేలియా ఆయన కాడెల్ ఎవాన్స్, అంతకు ముందు 1998, 1999లలో మౌంటెన్ బైక్ ప్రపంచ కప్ విజేత. ఫ్రాన్స్ దేశపు పోలీన్ ఫెరాన్-ప్రెవో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకు మీద బంగారు పతకం తెచ్చుకుని, మరుసటి ఏడే, 2025లో, ఆడవాళ్ళ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది. సరే, మనం పతకాలకి తొక్కేవాళ్ళం కాదు. తేలిన సంగతి ఒక్కటే: రెండిటికీ వైరం లేదు. ఒకదాని మీద సంపాదించింది రెండోదాని మీద ఖర్చుపెట్టుకోవచ్చు.

ఇక మా అమ్మ లెక్కకి వద్దాం. మట్టిదారికి అయ్యే అసలు ఖర్చు డబ్బు కాదు, సమయం. శనివారం పొద్దున్నే సైకిలు కారుకి కట్టి, శాంతాక్రజ్ కొండలకి యాభై నిమిషాలు డ్రైవు చేసి, రెండు గంటలు తొక్కి, మళ్ళీ వెనక్కి వచ్చి, బురద కడిగి, చెయిన్‌కి నూనె వేసేసరికి అయిదు గంటలు. ఈలోగా పెద్దదాని డాన్సు క్లాసు, చిన్నవాడి తెలుగు బడి, పటేల్ కొట్లో కూరలు అన్నీ ఇంటావిడ నెత్తిన పడతాయి. అందుకని రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి అవుతుంది. చలికాలం వర్షాలొస్తే అదీ లేదు. తడిసిన మట్టిలో తొక్కితే దారి చాళ్ళు పడి పాడవుతుంది కాబట్టి చాలా పార్కుల్లో సైకిళ్ళని ఆపేస్తారు. ఆపడం న్యాయమే.

నా నలభై రెండో ఏట రక్తపరీక్షలో సుగరు అంచు దాకా వచ్చింది. డాక్టరుగారితో, "నేను కొండలెక్కి సైకిలు తొక్కుతానండీ" అన్నాను కాస్త గర్వంగానే. "వారానికి ఎన్ని సార్లు?" అని ఒక్క ప్రశ్న వేశారావిడ. పెద్దలకి వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ఇక్కడి ఆరోగ్య శాఖ సూచన. దాన్ని వారమంతా పంచుకుంటే మంచిదంటారు. పైగా మన దక్షిణాసియా వాళ్ళకి తక్కువ బరువులోనే మధుమేహం, గుండెజబ్బు పట్టుకుంటాయి. అందుకే అమెరికన్ డయాబిటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా సంతతి వాళ్ళకి బీఎమ్ఐ 25 కాదు, 23 దగ్గర నుంచే పరీక్షించమంటోంది. బొజ్జ కనపడితే గానీ జబ్బు రాదని మనం అనుకుంటాం. మన ఒంటికి ఆ నియమం వర్తించదు.

నన్ను తారురోడ్డు మీదికి తెచ్చింది ఈ లెక్కే. పొద్దున్న పావు తక్కువ ఆరుకి గరాజ్ తలుపెత్తి బయటపడితే, ఏడింటికల్లా ఇంట్లో ఉంటాను. పిల్లల లంచ్ బాక్సులు కట్టే వేళకి చేతికందుతాను. కారు తియ్యక్కర్లేదు, కడగక్కర్లేదు. వాన వెలిసిన రెండు గంటలకి రోడ్డు ఆరిపోతుంది. వారానికి మూడు రోజులు ఇలా కుదిరితే డాక్టరుగారి 150 నిమిషాలు దాటేసినట్టే.

తొక్కుడులో కూడా తేడా ఉంది. మట్టిదారిలో పని అంతా విడతలు విడతలుగా ఉంటుంది. ఒక నిటారు ఎక్కుడులో ప్రాణం నోట్లోకి వస్తుంది, తర్వాత దిగుడులో కాళ్ళు కదలవు, మళ్ళీ ఒక బండరాయి దగ్గర ఊపిరి బిగబట్టి తోస్తాం. తారురోడ్డు మీద గంటంటే గంటా కాళ్ళు తిరుగుతూనే ఉంటాయి, నిమిషానికి 80, 90 చుట్లు. ఈ ఆగని, అలవని తొక్కుడే గుండెకి, ఊపిరికి పునాది వేస్తుంది. ఆ పునాది పడ్డాక కొండమీద తేడా మీకే తెలుస్తుంది. ఎక్కడానికే ఒళ్ళంతా ఖర్చయిపోయినవాడు దిగేటప్పుడు తడబడతాడు. ఎక్కి కూడా ఊపిరి మిగిలినవాడు దారి చూసుకుని దిగుతాడు. అంటే రోడ్డు మీద తొక్కడం మట్టిదారికి ద్రోహం కాదు, పెట్టుబడి.

ఇంతదాకా స్నేహితుల మాట. ఇప్పుడు ఆ శ్రోతగారి ఆవిడ మాట.

మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. "కొండమీద పడితే నీ పొరపాటుకి నువ్వు పడతావు. రోడ్డు మీద ఎవడో ఫోను చూసుకుంటూ వచ్చినా పడేది నువ్వే కదా?" అంది మా ఆవిడ. దీనికి జవాబు లేదండీ. మట్టిదారిలో దెబ్బలు ఎక్కువే. మోచేతులు గీరుకుంటాయి, కాలర్ బోన్ విరుగుతుంది. కానీ వేగం ఎంత, ఏ రాయి ఎక్కాలి, ఎక్కడ దిగి నడవాలి అనేది నా చేతిలో ఉంటుంది. రోడ్డు మీద దెబ్బలు అరుదు, కానీ తగిలితే ఇనుముతో తగులుతాయి. అమెరికాలో 2022లో మోటారు వాహనాల ప్రమాదాల్లో వెయ్యిమందికి పైగా సైకిలు తొక్కేవాళ్ళు పోయారు. మా గుంపులో ఒకాయన్ని వెనకనుంచి వచ్చిన కారు అద్దం తగిలి పడేసింది. బతికి బయటపడ్డాడు, తుంటికి మాత్రం ప్లేటు వేశారు. ఇప్పుడు కొండమీదికి వస్తాడు గాని రోడ్డెక్కడు. ఆయన్ని పిరికివాడని ఎవరం అనం.

అందుకని నేను చెప్పేది ఇది. ఏ బైకు కొనాలి అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, మీ గుమ్మం దగ్గర నుంచి ఏ దారి ఉంది అన్నది. మంచి దారి ఉంటే రోడ్డు బైకు మీకు వరం. లేకపోతే ఎంత ఖరీదైన బైకు కొన్నా అది గరాజ్‌లో బట్టలారేసుకునే దండెం అవుతుంది.

మంచి దారంటే ఏమిటి? కార్లు తక్కువగా ఉండాలి, ఉన్నా నెమ్మదిగా పోవాలి, అంచున మనకి జాగా ఉండాలి, మలుపుల్లో వెనకవాడికి మనం కనపడాలి. మన ఫ్రీమాంట్ వైపు వాళ్ళకి అలమీడా క్రీక్ ట్రెయిల్ ఉంది. నైల్స్ దగ్గర మొదలై బే దాకా సుమారు 12 మైళ్ళు, ఏటి గట్టు మీదే, ఒక్క కారు లేకుండా. దక్షిణపు గట్టు తారు, ఉత్తరపు గట్టు కంకర. మట్టిదారి నుంచి వచ్చేవాడికి అంతకన్నా మంచి బడి ఉండదు: పోయేటప్పుడు ఒక గట్టు, వచ్చేటప్పుడు ఇంకో గట్టు. అవతలి వైపు శాన్ మటేయో కౌంటీలో కన్యాడా రోడ్డులో కొంత భాగాన్ని చాలా ఏళ్ళుగా ఆదివారాలు కార్లకి మూసి సైకిళ్ళకి వదులుతున్నారు. వెళ్ళేముందు కౌంటీ పార్కుల వాళ్ళ సమయాలు చూసుకోండి. అదే నైల్స్ కాన్యన్ రోడ్డు చూడండి. ఎంత అందమో అంత ఇరుకు, కార్లు దూసుకుపోతుంటాయి. దగ్గర దారి కదా అని కొత్తవాళ్ళు అందులో దిగొద్దు.

కాళ్ళు స్థిరపడ్డాక మౌంట్ హామిల్టన్ ఉంది. శాన్ హోసే ఆలం రాక్ నుంచి పైన ఉన్న లిక్ అబ్జర్వేటరీ దాకా దాదాపు 19 మైళ్ళు, 4,200 అడుగుల ఎత్తు. వింటే గుండె జారుతుంది. కానీ ఆ రోడ్డు 1876లో వేసింది గుర్రపు బళ్ళ కోసం. సామాన్లు లాగే పశువులు ఎక్కగలగాలి కాబట్టి వాలు ఎక్కడా మరీ నిటారుగా లేకుండా మెలికలు తిప్పారు. గుర్రం ఎక్కగలిగింది మనమూ ఎక్కగలం, గుర్రమంత ఓపిక ఉంటే.

చట్టం కూడా కొంత తోడుంది. కాలిఫోర్నియాలో 2014 సెప్టెంబరు నుంచి సైకిలుని దాటిపోయే కారు కనీసం మూడడుగుల ఎడం ఇవ్వాలి. 2023 జనవరి నుంచి, పక్క లేను ఉండి, వీలైతే, ఆ లేనులోకి మారి మరీ దాటాలి. ఇది సైకిలు తొక్కని శ్రోతలకి కూడా చెబుతున్నాను. ఆదివారం పొద్దున్న గుడికి ఆలస్యమవుతోందని మీరు రాసుకుంటూ దాటిపోయే సైకిలు మీద ఎవరింటి మనిషో ఉన్నాడు.

ఇక కొనుగోలు. ఆగండి, అప్పుడే కొనకండి. ఉన్న మౌంటెన్ బైకుకే నున్నటి టైర్లు వేయించుకుని, ముందు షాకు బిగించేసి, రెండు నెలలు తొక్కి చూడండి. ఒక జత టైర్ల ఖర్చుతో తేలిపోతుంది మీరు వారానికి మూడుసార్లు పొద్దున్నే లేచే మనిషా కాదా అన్నది. లేస్తే అప్పుడు కొనుక్కోండి, ముందు సెకండ్ హ్యాండ్‌ది చూడండి. కొనేటప్పుడు మూడు సంగతులు. ఒకటి, సైజు. రోడ్డు బైకు మీద ముందుకి వంగి గంటలు గంటలు ఒకే భంగిమలో ఉంటాం కాబట్టి కొలత తేడా వస్తే మెడ, నడుము, అరచేతులు మొత్తుకుంటాయి. రెండు, 32 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేము చూడండి. పాతకాలపు 23 కన్నా అది ఒంటికి సుఖం, గతుకులకీ ఓర్చుకుంటుంది. మూడు, మీ మౌంటెన్ బైకు పెడళ్ళు, బూట్లు ఉంటాయి చూశారా, అవే రోడ్డు బైకుకి బిగించుకోండి. కొత్త జత అక్కర్లేదు, దిగి నడిచినప్పుడు జారరు కూడా.

మట్టిదారిలో నేర్చినవి కొన్ని రోడ్డు మీద అక్కరకొస్తాయి. మలుపులో ముందు చక్రాన్ని కాకుండా, పోవాల్సిన చోటుని చూడటం. గతుకు రాగానే ఒళ్ళు వదులు చెయ్యడం. కొన్ని మాత్రం మర్చిపోవాలి. మట్టిలో టైరు కాస్త జారితే సర్దుకోవచ్చు, అది ఆటలో భాగం. తారు మీద సన్నటైరు జారిందంటే సర్దుకునే లోపలే కింద ఉంటాం. అలాగే కొండమీద రాయి కనపడితే చటుక్కున పక్కకి తిప్పేస్తాం. గుంపులో తొక్కేటప్పుడు అలా తిప్పితే వెనకాల నలుగురు పడతారు.

గుంపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకరి వెనకాల ఒకరు గాలిచాటున తొక్కితే వెనకవాడికి నాలుగో వంతో, ఇంకా ఎక్కువో శ్రమ తగ్గుతుంది. ఆ రుచి మరిగితే వదలరు. కానీ మీ ముందు చక్రం ముందువాడి వెనక చక్రానికి తగిలిందంటే పడేది మీరే, వాడు కాదు. అందుకని మొదటి నెల బారెడు దూరం వదలండి. గుంత వస్తే వేలితో చూపించండి, ఆగుతుంటే నోటితో చెప్పండి, వెనక కారొస్తే కేకెయ్యండి. ఇది పొలంగట్టు మీద వరసగా నడిచే మర్యాదే, కాస్త వేగంగా.

తిండి మాట కూడా. గంట దాటి తొక్కితే జేబులో ఏదో ఒకటి ఉండాలి. కొట్లో అమ్మే జిగట జెల్‌కి రెండు మూడు డాలర్లు పెట్టక్కర్లేదు. యూరప్‌లో పెద్ద రేసులు తొక్కేవాళ్ళే అన్నాన్ని అదిమి ముక్కలు కోసి జేబులో పెట్టుకుంటారు. మనకి పులిహోర ఉంది. చిన్న ముద్దలు చేసి రేకు కాగితంలో చుట్టుకుంటే పిండిపదార్థం, ఉప్పు రెండూ అందుతాయి. మిరపకాయలు మాత్రం తీసేయండి, ఎక్కుడులో అవి వేరే పాఠం చెబుతాయి.

ఇన్ని చెప్పాక ఒక హెచ్చరిక. రోడ్డెక్కాక కొందరు మట్టిదారి పూర్తిగా వదిలేస్తారు. అది మంచిది కాదు. రోడ్డు బైకు కాళ్ళకీ గుండెకీ పని చెబుతుంది గాని చేతులకీ నడుముకీ అంతగా చెప్పదు. కుదుపు లేని తొక్కుడు కాబట్టి ఎముకలకి కూడా బరువు పడదు. మౌంటెన్ బైకు తొక్కేవాళ్ళ కన్నా రోడ్డు మీదే తొక్కేవాళ్ళకి ఎముకల సాంద్రత తక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో చూశారు. నలభై దాటినవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఇది గుర్తుంచుకోవాలి. నడక, కాస్త బరువులెత్తడం, నెలకి రెండుసార్లయినా కొండ ఉండాలి. పైగా రెడ్‌వుడ్ చెట్ల మధ్య ఆకులు నలిగే చప్పుడు తారురోడ్డు మీద దొరకదు. ఒంటి కోసం రోడ్డు, మనసు కోసం మట్టి అనుకోండి.

మరి ఎవరు రోడ్డెక్కకూడదు? గుమ్మం ముందు మంచి దారి లేనివాళ్ళు, చీకట్లో తప్ప సమయం దొరకనివాళ్ళు, కారు పక్కనుంచి పోతే చేతులు వణికేవాళ్ళు. వీళ్ళు కంకరదారులు చూసుకోవచ్చు. ఇప్పుడు గ్రావెల్ బైకులని మధ్యరకం వచ్చాయి. రోడ్డు బైకు హ్యాండిలే, టైరు మాత్రం 40 మిల్లీమీటర్లో ఇంకా పైనో. ఏటి గట్లు, ఫైరు రోడ్లు వాటికి సొంత ఊళ్ళు.

చివరిగా శాన్ హోసే శ్రోతగారికి. మీరు, మీ ఆవిడ ఒక సాయంత్రం మ్యాపు ముందు కూర్చోండి. మీరు పోదామనుకున్న దారంతా కారులో ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, మీరు తొక్కబోయే పొద్దున్న వేళకే ఒకసారి తిరిగి రండి. ఏ మలుపు దగ్గర ఆవిడ "ఇక్కడ వద్దు" అంటే అక్కడ వద్దు, వేరే దారి చూడండి. ముందూ వెనకా లైట్లు పగలు కూడా వెలిగించండి. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఫ్రిజ్ మీద రాసి వెళ్ళండి, ఆ వేళకి రండి. రెండు నెలలు అలా నడిస్తే కొత్త బైకు కొనమని ఆవిడే అంటుందని హామీ ఇవ్వలేను గాని, వద్దనడం మాత్రం మానేస్తుంది. మా ఇంట్లో అంతవరకు వచ్చింది.

ఇక పాటల్లోకి వెళదాం.